డాక్టర్ సలహా: బయాప్సీలో 'కిమ్-1 పాజిటివ్' వచ్చింది, రిజెక్షనేనా?

ప్రశ్న: నా వయసు 36. అమ్మ కిడ్నీ ఇచ్చింది, ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి ఐదు నెలలు. క్రియాటినిన్ 1.2 ఉండేది, ఈమధ్య వారం పాటు విరేచనాలు అయ్యాక 1.9కి వెళ్లింది. రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు లెవెల్ 15 వచ్చింది. బయాప్సీ రిపోర్టులో అక్యూట్ ట్యూబ్యులార్ ఇంజురీ, ఐ0, టీ0, సీ4డీ నెగటివ్, ఎస్‌వీ40 నెగటివ్, కిమ్-1 పాజిటివ్ అని రాశారు. కిడ్నీ పోతుందా? అమ్మకి ఇంకా చెప్పలేదు. (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేయడం) లక్షణాలైతే కనపడట్లేదండి. కరోనా పుణ్యమా అని 'పాజిటివ్' అంటేనే మనకి గుండె దడ, కానీ ఇక్కడ ఆ మాటకి అంత భయపడక్కర్లేదు.

కిడ్నీలో వడపోత అయ్యాక ఆ నీళ్లలోంచి ఒంటికి కావాల్సిన ఉప్పు, నీరు, గ్లూకోజ్ వెనక్కి లాక్కునే సన్నని గొట్టాలే ట్యూబ్యూల్స్. వీటికి పని ఎక్కువ, ఆక్సిజన్ కూడా బాగా కావాలి, అందుకే రక్తం తగ్గినా, మందు డోస్ ఎక్కువైనా ముందు దెబ్బతినేది ఇవే. మామూలు కిడ్నీలో కిమ్-1 ప్రోటీన్ దాదాపు కనపడదు. ట్యూబ్యూల్ కణం దెబ్బతింటే బయటికొస్తుంది, స్టెయిన్ వేస్తే గొట్టం లోపలి అంచు వెంబడి గోధుమ రంగులో కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఈ ప్రోటీన్ ఉన్న కణాలే పక్కన చచ్చిపోయిన కణాల్ని మింగి శుభ్రం చేస్తాయి, అంటే రిపేర్ పని కూడా అక్కడే నడుస్తోందన్నమాట.

కాకపోతే దెబ్బ తగిలిందని చెప్తుందే గానీ కొట్టిందెవరో కిమ్-1 చెప్పదు. రిజెక్షన్‌లోనూ వస్తుంది, టాక్రోలిమస్ ఎక్కువైనా వస్తుంది, డీహైడ్రేషన్‌లోనూ వస్తుంది. ఎవరో తేల్చడానికి మిగతా లైన్లు చూడాలి. ఐ, టీ అనేవి బాన్ఫ్ స్కోర్లు (ట్రాన్స్‌ప్లాంట్ బయాప్సీకి వేసే మార్కులు), గొట్టాల మధ్యలో, గొట్టాల గోడల్లో తెల్లకణాలు చొరబడ్డాయా అని చూస్తారు, మీకు రెండూ సున్నా. సీ4డీ నెగటివ్ కాబట్టి యాంటీబాడీ రిజెక్షన్ అనుమానం కూడా తగ్గుతుంది (పూర్తిగా కొట్టేయలేం, డీఎస్‌ఏ టెస్ట్, అంటే అమ్మ కిడ్నీకి వ్యతిరేకంగా మీ రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది, చేయించారేమో అడగండి), ఎస్‌వీ40 నెగటివ్ అంటే కొత్త కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ ఆ ముక్కలో కనపడలేదు.

ఇక మిగిలింది విరేచనాలు, ఎక్కువగా ఉన్న టాక్రోలిమస్ లెవెల్ 15. చాలామంది ఏమనుకుంటారంటే విరేచనాలైతే మందు బయటికి పోయి లెవెల్ తగ్గుతుందని, టాక్రోలిమస్ విషయంలో చాలాసార్లు ఉల్టా జరుగుతుంది, పేగు పొర దెబ్బతిని మందు ఇంకా ఎక్కువ రక్తంలోకి వెళ్తుంది, పైగా ఒంట్లో నీళ్లు తక్కువ, రెండూ కలిసి ట్యూబ్యూల్స్ మీద పడతాయి. రిపోర్టులో 'ఐసోమెట్రిక్ వాక్యులైజేషన్' అనే మాట ఉందేమో చూడండి, కణాల్లో ఒకే సైజు చిన్న చిన్న బుడగలు, ఉంటే మందు మీద అనుమానం ఇంకా బలపడుతుంది. లెవెల్‌కి రక్తం ఇచ్చిన రోజు పొద్దున డోస్ వేసుకుని వెళ్లారా? అలాగైతే ఆ 15ని నమ్మలేం, డోస్‌కి ముందు ఇచ్చిన రక్తమే లెక్క.

కిమ్-1 కంటే నేను ముందు చూసే లైన్ ఫైబ్రోసిస్ (మచ్చ కట్టడం) ఎంత శాతం అన్నది. దెబ్బతిన్న ట్యూబ్యూల్ కణం మళ్లీ పెరుగుతుంది, మచ్చ కట్టిన చోటు తిరిగి రాదు. అది తక్కువుంటే డోస్ సరిచేసి నీళ్లు సరిపడా ఇస్తే క్రియాటినిన్ చాలావరకు దిగే అవకాశం ఉంది, స్లైడ్ చూసిన మీ నెఫ్రాలజిస్ట్‌దే ఫైనల్ మాట. మీ అంతట మీరు డోస్ తగ్గించొద్దు, అప్పుడు నిజంగానే రిజెక్షన్ తెచ్చుకున్నవాళ్లవుతారు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు, షాపువాడు ఇచ్చే క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్, ఆఖరికి పంపరపనస కూడా వద్దు. జ్వరం, యూరిన్ తగ్గడం, కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి ఉంటే అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లండి.

అమ్మగారికి చెప్పండి, దాస్తే ఇంకా ఎక్కువ ఊహించుకుంటారు. చెప్పేటప్పుడే ఆవిడ బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రోటీన్ చూపించి ఎన్నాళ్లయిందో కూడా అడగండి, కిడ్నీ ఇచ్చినవాళ్లకి ఏటా చెకప్ ఉండాలి.