మరమ్మతు అమ్మే ఆయన చేత చేయించకండి, ధర తగ్గించుకోండి

అద్దెకివ్వడానికి ఇల్లు కొంటున్నానని, గోడకు చెమ్మ కనిపించిందని, అమ్మే ఆయన తానే బాగు చేయించి ఇస్తానంటే ఒప్పుకోవాలా, ధర తగ్గించమనాలా అని అడిగారు. ఒప్పుకోకండి. నేను ఒప్పుకుని చెడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను మొదట కొన్న ఇంట్లో అప్పటికే అద్దెకున్నవాళ్లు ఉన్నారు. చూడటానికి వెళితే పడకగదిలో మూడు గోడలు వెలిసిపోయి ఉన్నాయి, నాలుగోది మాత్రం పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. రంగు వాసన ఇంకా పోలేదు. ఇంటి యజమాని గాలి, వెలుతురు గురించి ఆపకుండా చెబుతున్నాడు. ఫోను వచ్చి ఆయన బయటికి వెళ్లగానే, అంతదాకా నోరు మెదపని అద్దెకున్న ఆవిడ బీరువాను కాస్త జరిపి, "ఇటు చూడండి" అంది. దాని వెనక రంగు వేయలేదు. మోకాలి ఎత్తు దాకా తెల్లటి ఉప్పు. వేలు తగిలితే పొడిపొడిగా రాలింది. గోడకు అవతల స్నానాలగది. గోడలోకి ఎక్కిన నీరు ఆరేటప్పుడు ఇటుకలోని, సిమెంటులోని లవణాలను పైకి తెచ్చి వదిలేస్తుంది. అంత మందాన పేరుకుందంటే అది నిన్నమొన్నటి తడి కాదు.

"ఎన్నాళ్లుగా ఇలా ఉంది?"

"మేము వచ్చినప్పటి నుంచీ. చెప్పీ చెప్పీ మానేశాం."

ఇల్లు ఎలాంటిదో తెలుసుకోవడానికి జనం ఇంజనీరును అడుగుతారు, బంధువుల్లో తెలిసినవాళ్లను అడుగుతారు. రోజూ ఆ గది తుడిచే మనిషిని మాత్రం అడగరు. మధ్యవర్తులైతే ఆ మనిషి ఇంట్లో లేని వేళ చూసి మరీ తీసుకెళతారు.

"చిన్న చెమ్మే, పది రోజుల్లో కొత్త గోడ చూస్తారు" అన్నాడు యజమాని. నిజంగానే చూశాను. పెచ్చులు గీకించి, లప్పం పెట్టించి, రంగు కొట్టించాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. మూడో నెలకు రంగు బుడగలు లేచింది. లోపం గోడది కాదు, స్నానాలగది నేల కింద పైపు అతుకుది. బండలు పగలగొట్టి, అతుకు మార్చి, నీరు దిగకుండా పూత వేయించి, మళ్లీ బండలు పరిచేసరికి 12 రోజులు పట్టింది. ఆ నెల అద్దె అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన మోసగాడా అంటే, అనలేను. ఆయనకు ఆ గోడ రిజిస్ట్రేషన్ దాకా నిలిస్తే చాలు. నాకేమో ఇరవై ఏళ్లు నిలవాలి.

రెండో ఇంటికి తెలివి వచ్చిందనుకుని 23 లోపాలతో చిట్టా రాసుకెళ్లాను. తలుపు గడియ, పగిలిన స్విచ్చు, అన్నీ ఎక్కించాను. అదే నా తెలివితక్కువతనం. ఆ యజమాని చిల్లర పనులన్నీ రెండు రోజుల్లో చేయించి, "ఇరవై చేశాను, ఆ మూడూ మీరు చూసుకోండి" అన్నాడు. ఆ మూడూ ఏవంటే ఎర్తింగు లేని వైరింగు, కారే పైకప్పు, పై అంతస్తు స్నానాలగది నేల! చిట్టా చింపేసి, ఆ మూడింటికే పనివాళ్ల చేత అంచనాలు రాయించి ఆయన ముందు పెట్టాను. నేల బాగానే ఉందని వాదించాడు. నీరు పోయే రంధ్రం మూసి, రెండంగుళాల నీరు నిలబెట్టి 24 గంటలు వదిలేశాం. మర్నాటికి కింది గది కప్పు మీద పళ్లెమంత మచ్చ. ఇక ఆయన అంచనాల మీద బేరమాడాడే తప్ప లోపాల మీద కాదు.

అప్పు చేసి కొంటుంటే ఒక మెలిక ఉంది. ధర తగ్గినప్పుడు అప్పు కూడా ఆ మేరకు తగ్గిపోతే, మేస్త్రికి ఇవ్వడానికి చేతిలో ఏమీ మిగలదు. తగ్గింపు అమ్మే ఆయనకు మీరు చేతి నుంచి కట్టే చివరి వాయిదాలోంచి పోయేలా అగ్రిమెంటులో రాయించుకోండి.

మీరు కొనే ఇంట్లో ఎవరైనా అద్దెకు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే, అమ్మే ఆయన పక్కన లేనప్పుడు ఒకసారి వెళ్లి, బీరువా జరిపి చూడనిస్తారేమో అడగండి.