ఎడమచేయి కార్డు మారేచోట ఆగిపోతుంటే
పియానో మీద సి కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) నుంచి జి7 కార్డుకు మారేటప్పుడు ఆల్బెర్టి బాస్, అంటే ఎడమచేతితో కార్డు స్వరాలను ఒక్కొక్కటిగా వాయించే వరస, తెగిపోతోందనీ, పైగా కుడిచేతి స్వరాలను మింగేస్తోందనీ రాశారు. సి కార్డును సి–జి–ఇ–జి అని 5-1-3-1 వేళ్లతో (బొటనవేలు 1, చిటికెనవేలు 5) వాయిస్తున్నారు కదా, జి7 కోసం చేయి ఎత్తి దూకనక్కర్లేదు. బొటనవేలిని జి మీదే ఉంచి, చిటికెనవేలిని పక్కనున్న బి మీదికి జరిపి, చూపుడువేలితో ఎఫ్ నొక్కండి: బి–జి–ఎఫ్–జి. మొదట మూడు స్వరాలూ ఒకేసారి నొక్కుతూ కార్డులు మార్చండి. అది నిలకడగా వచ్చాకే విడదీయండి.

మోత విషయంలో నేరం దాదాపు ఎప్పుడూ బొటనవేలిదే. బలమైన వేలు, పైగా ప్రతి రెండో స్వరం దానిదే. (ఈ బాస్‌కు పేరిచ్చిన సంగీతకారుడు ఆల్బెర్టి కాలంలో వాయించిన హార్ప్సికార్డు అనే పాత కీబోర్డు వాద్యంలో ఈ బాధ లేదు, ఎంత గట్టిగా నొక్కినా శబ్దం ఇంచుమించు ఒకటే.) ఆ వేలిని మెట్టుకు ఆనించే ఉంచండి, పైనుంచి కొట్టవద్దు.