ఉగాండా బడి గురించి పర్లాకిమిడి అమ్మాయి ఏం చెప్పగలదు?

"అక్కా, మాది ఒడిశాలో పర్లాకిమిడి. బీఆర్క్ అయ్యాక మాస్టర్స్‌కి చికాగో వచ్చి ఎనిమిది నెలలైంది. ఉగాండాలో ఒక పల్లెకు బడి డిజైన్ చేసే వాలంటీర్ టీమ్‌లో చేరమని క్లాస్‌మేట్ అడుగుతోంది. వీసాకి ఇబ్బందా? పైగా వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లు. నేనేం చెప్పగలను?"

చెల్లీ, ముందు వీసా సంగతి తేల్చేద్దాం. నీది ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా. లాభాపేక్ష లేని సంస్థకి పైసా తీసుకోకుండా చేసే సేవకు అడ్డులేదు. కానీ అదే పనికి ఆ సంస్థ ఇంకొకరికి జీతమిస్తుంటే దాన్ని సేవ అనరు, ఉద్యోగమే అంటారు. చిన్న స్టైపెండ్ ఇస్తామన్నా వద్దను. కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి, మీ డీఎస్‌ఓకి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకో. రేపు చదువయ్యాక ఓపీటీలో, అంటే ఇక్కడ కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే అనుమతిలో, ఉద్యోగం దొరక్క టెన్షన్ పడేటప్పుడు కూడా ఇది అక్కరకొస్తుంది. నీ చదువుకి సంబంధించిన ఇలాంటి పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే ఉద్యోగం లేకుండా ఉండటానికి ఓపీటీలో ఇచ్చే 90 రోజుల గడువు కరగదు. సైన్స్, టెక్నాలజీ లాంటి చదువులవాళ్లకి ఓపీటీ మీద ఇచ్చే స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదు. సైట్ చూడ్డానికి వెళ్లాల్సి వస్తే, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం, పాస్‌పోర్టులో వీసా గడువు చూసుకున్నాకే టికెట్ కొను. అన్నట్టు, కార్డు మీద 'ఆర్కిటెక్ట్' అని వేసుకోకు. ఇక్కడ రాష్ట్రం లైసెన్సు లేకుండా ఆ మాట వాడకూడదు.

ఇక నీ రెండో ప్రశ్న. నాది బరంపురం. చాలా ఏళ్ల కిందట ఇలాంటి టీమ్‌లోనే చేరి మూడు మీటింగులు నోరు విప్పకుండా కూర్చున్నాను. వాళ్లు రేకుల కప్పు గీస్తుంటే నాకు మా ఒడియా మీడియం బడే కళ్లముందుకొచ్చేది. వాన మొదలైతే మాస్టారు చాక్‌పీసు పక్కన పెట్టేసి కుర్చీలో కూలబడేవారు. రేకుల మీద ఆ చప్పుడుకి ఆయన గొంతు రెండో వరస దాటేది కాదు. ఈ మాట చెబితే నవ్వుతారేమోనని ఊరుకున్నాను. చివరికి ఆ ఊరి టీచరమ్మే ఫోన్లో అడిగింది, వానాకాలం పాఠం ఎలా చెప్పాలని. రెండు నెలల డ్రాయింగులు మళ్లీ గీశాం. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరే పేరు నువ్వు చదువుకునే ఉంటావు. బుర్కినా ఫాసోలో గాండో ఆయన సొంతూరు. బెర్లిన్‌లో చదువుకుంటూనే ఊరి బడికి డబ్బు పోగుచేశాడు. మట్టి ఇటుకల గోడలు కట్టి, రేకుల కప్పుని వాటికి అంటకుండా పైకి లేపాడు, వేడి గాలి మధ్యలోంచి పోయేలా. 2001లో బడి పూర్తయింది, 2022లో ఆయనకి ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. ఉక్కపోసే గదిలో కూర్చుని చదివినవాడు కాబట్టి ఎక్కడ ఉడికిపోతుందో ఆయనకి తెలుసు. నీకూ తెలుసు.

అందుకే మొదటి మీటింగులోనే అడుగు. వాననీళ్లు ఎటు పోతాయి? వంట పొగ ఏ గదిలోకి కొడుతుంది? ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపల గడియ, నీళ్లు ఉన్నాయా? తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? రాత్రిపూట, సెలవుల్లో ఆ గదులు ఊరికి దేనికి పనికొస్తాయి? మన గంజాం తీరంలో తుఫాను షెల్టర్లు చూశావుగా, స్తంభాల మీద లేపిన ఆ భవనాల్లో మామూలు రోజుల్లో కొన్నిచోట్ల బడి నడుస్తుంది. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మావాళ్లు తలదాచుకుంది అలాంటి దాంట్లోనే.

భాష సంగతి కూడా వదలకు. ఉగాండాలో మొదటి మూడు తరగతులు స్థానిక భాషలో చెప్పాలన్నది విధానం. పుస్తకాలు తక్కువైన చోట టీచర్లు చేత్తో రాసిన చార్టులే దిక్కు. వాటికి గోడ మీద, పిల్లల కంటి ఎత్తులో చోటు కావాలి. ఇది ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా పడ్డవాళ్లకి తట్టినంత తొందరగా ఇంకెవరికి తడుతుంది? మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి బళ్లు పెట్టేముందు సవర భాష నేర్చుకున్నారు.

సైట్ ఫొటోలు వచ్చాక వంటగది బడికి ఏ వైపుందో, గాలి ఎటు వీస్తుందో కనుక్కుని నాకు రాయి.