దగ్గు, బీపీ, షుగర్ అన్నీ హైదరాబాద్ వల్లేనా? ఊరెళ్ళిపోతే తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 38. మాది ఖమ్మం జిల్లాలో ఓ పల్లె. ఏడేళ్ళ కిందట హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో మెయిన్ రోడ్డు మీదున్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. రెండో అంతస్తు. నాది అమెరికా షిఫ్టు. సాయంత్రం ఆరున్నరకి మొదలై తెల్లవారుజామున మూడున్నరకి అయిపోతుంది. వచ్చినప్పుడు 68 కిలోలుండేవాణ్ణి, ఇప్పుడు 84. ఆఫీసు వాళ్ళు చేయించిన చెకప్‌లో బీపీ 142/90, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1, విటమిన్ డి 13, గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. ఆర్నెల్లుగా పొడి దగ్గు. రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడాను. పక్క ప్లాట్‌లో సెల్లార్ తవ్వుతున్నారు, ఆ దుమ్ముకీ పావురాల గోలకీ బాల్కనీ తలుపు తీయం. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులుంటే దగ్గు పూర్తిగా పోయింది, తిరిగొచ్చిన రెండో రోజుకే మళ్ళీ మొదలు. సిగరెట్, మందు అలవాట్లు లేవు. 'మనకి సిటీ పడలేదు, ఊరెళ్ళిపోదాం' అంటోంది మా ఆవిడ. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ శ్రీమతి గారి మాటలో సగం నిజముంది. ఆ సగం దగ్గుకు సంబంధించింది. షుగర్, బీపీ, లివర్ సంగతి వేరు. అన్నిటినీ ఒకే మూట కట్టి 'సిటీ' అని పేరు పెడితే వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

ముందు దగ్గు. పండక్కి ఊళ్ళో ఉన్నారంటే భోగి మంట దగ్గర నిలబడే ఉంటారు, పొద్దున్నే మంచులో తిరిగే ఉంటారు. ఆ పొగకీ చలికీ రాని దగ్గు ఫ్లాట్‌లో అడుగుపెట్టిన రెండో రోజుకే వచ్చిందంటే, నా అనుమానం నగరం మొత్తం మీదకి పోదు. మీ ఇంటి మీదకే వస్తుంది. పావురాల గోల అని ఓ మూల రాశారు చూడండి, నేను మొదట పట్టుకునేది దాన్నే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కింద, బాత్రూం వెంటిలేటర్ బయట ఉన్న డక్ట్‌లో ఓసారి టార్చి వేసి చూడండి. రెట్టల గుట్ట, ఈకలు, నాలుగు పుల్లలతో పేర్చిన గూడు కనిపిస్తే ఆశ్చర్యపోను. ఎండిన రెట్ట పొడిపొడిగా రాలి, ఈకల మీది తెల్లటి పౌడరుతో కలిసి గాల్లో తేలుతుంది. తలుపు మూసే ఉంటుందిగా అంటారేమో. ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన కన్నం, వెంటిలేటర్, బట్టలు ఆరేయడానికి తలుపు తీసే ఆ రెండు నిమిషాలు చాలు.

ఈ పొడి అందరినీ ఏమీ చేయదు. కొందరి ఊపిరితిత్తులు మాత్రం దానికి ఎదురుతిరిగి వాచిపోతాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటాం. క్రిమితో వచ్చే ఇన్‌ఫెక్షన్ కాదు కాబట్టి యాంటీబయాటిక్స్ ఎన్ని కోర్సులు మింగినా పని చేయవు. కారణానికి దూరంగా జరిగితే నెమ్మదిస్తుంది, దగ్గరికొస్తే తిరగబెడుతుంది. గుర్తించకుండా ఏళ్ళ తరబడి అదే గాలి పీలిస్తే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడతాయి, ఆ మచ్చ ఇక పోదు. ఇలా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న వెయ్యి మందికి పైగా రోగులను మన దేశంలో 19 నగరాల్లో నమోదు చేసి, 2017లో ఆ వివరాలు ప్రచురించారు. వాళ్ళలో దాదాపు సగం మందికి ఉన్నది ఈ జబ్బే. అందులో కారణంగా ఎక్కువగా కనిపించింది ఎయిర్ కూలర్లు. నీళ్ళు మార్చని ట్యాంకు, రెండు వేసవుల నుంచీ మార్చని గడ్డి, వాటి మీద పట్టిన బూజు. పక్షులూ ఆ జాబితాలో ఉన్నాయి. మీ ఇంట్లో కూలర్ ఉంటే దాని గడ్డి కూడా చూడండి.

అలాగని మీకు ఈ జబ్బే ఉందని ఉత్తరం చదివి తేల్చలేను. ఆస్తమా కూడా అచ్చం ఇలాగే చోటు మారితే తగ్గుతుంది. అర్ధరాత్రి భోంచేసి ఇంటికొచ్చి వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి తన్ని పొడి దగ్గు వస్తుంది. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్ర ఏదైనా మొదలుపెట్టారా? రాయలేదు. వాటికీ దగ్గు వస్తుంది. అన్నిటికంటే ముందు, మన దేశంలో రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా టీబీ పరీక్ష చేయించాల్సిందే. తెమడ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊది చూసే స్పైరోమెట్రీ చేయించుకుని పల్మనాలజిస్టుకి, అంటే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. అవసరమనుకుంటే ఆయన ఊపిరితిత్తులను వివరంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ రాస్తారు. పావురాల సంగతీ ఊరెళితే తగ్గిన సంగతీ మీరే చెప్పండి, రద్దీ ఓపీలో ఎవరూ అడగకపోవచ్చు.

బాల్కనీ మాత్రం మీరు కడగొద్దు. చీపురుతో పొడిగా ఊడిస్తే రేగే దుమ్ము నెల రోజులు పీల్చినదానికి సమానం అనుకోండి. వేరేవాళ్ళతో, ఎన్95 మాస్కు పెట్టించి, ముందు నీళ్ళతో బాగా తడిపించి ఎత్తించండి. తర్వాత వల కట్టించండి. పైఅంతస్తులో ఎవరైనా పుణ్యమని గింజలు చల్లుతుంటే అసోసియేషన్ మీటింగులో మాట్లాడాల్సి వస్తుంది. అది మందు రాయడం కంటే కష్టమైన పని అని నాకు తెలుసు. సెల్లార్ కోసం బండ కొట్టే దుమ్ములో సిలికా ఉంటుంది, అదీ మంచిది కాదు. అయితే ఆ పని కొన్నాళ్ళకి ఆగుతుంది. అటువైపు కిటికీలు మూసి, గదులు తడిగుడ్డతో తుడవండి.

ఇక రిపోర్టు సంగతి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ. మీరు 6.1 దగ్గరున్నారు. వెనక్కి రావడానికి ఇంకా దారుంది. దీనికి గాలిని తిట్టి లాభం లేదు. పల్లెల నుంచి వచ్చి లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నవాళ్ళను, ఊళ్ళోనే ఉండిపోయిన వాళ్ళ తోబుట్టువులతో పోల్చిన అధ్యయనం 2010లో వచ్చింది. ఒకే తల్లి బిడ్డలే. ఊబకాయం, షుగర్ మాత్రం నగరానికి వచ్చినవాళ్ళలో చాలా ఎక్కువ. తేడా అంతా తిండిలో, ఒంటి కదలికలో. మీకు అదనంగా రాత్రి షిఫ్టు తోడైంది. 2021లో అమెరికాలో 19 మందిని ల్యాబ్‌లో ఉంచి, రాత్రి మేలుకునేలా చేసి చూశారు. రాత్రి కూడా తిన్నవాళ్ళకి గ్లూకోజ్ 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవాళ్ళకి పెరగలేదు. చిన్న అధ్యయనమే, కానీ నా ఓపీలో కనిపించేదీ అదే.

రాత్రి పన్నెండుకి క్యాంటీన్‌లో ఏం తింటున్నారో రాయలేదు. బిర్యానీయో ఫ్రైడ్ రైసో అయ్యుంటుందని నా ఊహ. అసలు భోజనం షిఫ్టుకి ముందే, ఆరింటికల్లా ఇంట్లో ముగించండి. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. రాత్రి ఆకలేస్తే మజ్జిగ, గుప్పెడు శనగలు చాలు. చక్కెర వేసిన టీలు రాత్రికి ఎన్నో లెక్కపెట్టి చూడండి, ఆ లెక్క మీకే నచ్చదు. తిన్న తర్వాత పదిహేను నిమిషాలు ఆఫీసు కారిడార్‌లో నడవండి. మన ఒళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం మొదలైనట్టే. బరువుకంటే టేపునే నమ్మండి. ఐదారు కిలోలు తగ్గినా లివర్ కొవ్వు, షుగర్, బీపీ మూడూ కదులుతాయి.

నిద్ర గురించి ఒక్క ముక్కా రాయలేదు, నాకు ఎక్కువ దిగులు అక్కడే. నివాస ప్రాంతాల్లో చట్టప్రకారం శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. ఊరంతా నిద్రపోయే ఆ నిశ్శబ్దపు వేళ మీరు ఆఫీసులో ఉంటారు. మీరు పడుకునేసరికి స్కూలు బస్సులు, నీళ్ళ ట్యాంకర్లు, హారన్లు మొదలవుతాయి. మెలకువ రాకపోయినా ఒంటికి ఆ శబ్దం వినపడుతూనే ఉంటుంది. గుండె వేగం, బీపీ పెరుగుతూనే ఉంటాయి. పడకగది రోడ్డువైపు ఉంటే వెనకగదికి మారండి. ముదురు రంగు మందపాటి కర్టెన్లు, మెడికల్ షాపులో దొరికే ఇయర్ ప్లగ్స్ వాడండి. మీరు గురక పెడతారా అని మీ శ్రీమతి గారిని అడగండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు కనిపిస్తోందంటే స్లీప్ స్టడీ చేయించాలి. నిద్రలో ఊపిరి ఆగే ఆ జబ్బు సరిచేయకుండా మాత్రలతో బీపీని అదుపు చేయడం కష్టం. బీపీ ఒక్కసారి 142 వచ్చినంత మాత్రాన మందు మొదలుపెట్టరు. వారం పాటు ఇంట్లో, నిద్ర లేచాక ఒకసారి, డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి చూసి రాసుకోండి. సగటు 135/85 దాటితే ఫిజీషియన్‌ని కలవండి.

విటమిన్ డి కోసం పొద్దున్నే లేత ఎండలో నిలబడమని అందరూ చెబుతారు. ఆ ఎండలో ఈ విటమిన్ తయారు చేసే కిరణాలు దాదాపు ఉండవు. తిరుపతిలో జరిగిన పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఉండే ఎండే పనికొస్తుందని తేలింది. కిటికీ అద్దం లోంచి పడే ఎండ లెక్కలోకి రాదు. మీరు నిద్రలేచే వేళ అదే కాబట్టి ఇందులో మాత్రం మీ షిఫ్టు మేలే చేసింది. మేడ మీద చేతులు, కాళ్ళు కనబడేలా ఇరవై నిమిషాలు ఉండండి, ఏప్రిల్, మే నెలల్లో ఇంకా తక్కువ. 13 అంటే తక్కువే కాబట్టి మందూ కావాలి. 60 వేల యూనిట్ల ప్యాకెట్ వారానికొకటి చొప్పున సాధారణంగా ఎనిమిది వారాలు రాస్తారు. బాగుంది కదా అని ఏడాదంతా కొనుక్కుని తాగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

ఊరెళ్ళిపోవాలా అంటే, మీకక్కడ పనీ పిల్లలకి బడీ ఉంటే వెళ్ళండి, తప్పేం లేదు. షుగర్ కోసమైతే మాత్రం వద్దు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం షుగర్ జబ్బు నగరాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. కానీ మీరున్న ప్రీడయాబెటిస్ దశ రెండుచోట్లా దాదాపు సమానం, 15 శాతం పైనే. అక్కడా పొలానికి బండి మీదే వెళుతున్నారు, మూడు పూటలా తెల్లన్నమే.

ఈలోగా మెట్లెక్కుతుంటే మునుపెన్నడూ లేని ఆయాసం రావడం, దగ్గులో రక్తపు జీర, సాయంత్రం జ్వరం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 94 కంటే తక్కువ చూపడం లాంటివి ఏది కనిపించినా వల కట్టించేదాకా ఆగకండి. అదే రోజు పల్మనాలజిస్టు దగ్గరికి వెళ్ళండి.