బతికినవాళ్లనే చూపిస్తే లెక్క తప్పుతుంది

ప్రశ్న: లుకేమియాకు (రక్త క్యాన్సర్) కార్-టి చికిత్స (రోగి సొంత రోగనిరోధక కణాలను ల్యాబ్‌లో మార్చి తిరిగి ఎక్కించడం) తీసుకుని కోలుకుంటున్న పదహారేళ్ల అబ్బాయి మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నాను. చూసేవాళ్లకు ధైర్యం రావాలి, లేనిపోని ఆశ పుట్టకూడదు. ఎలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అనుమానం సరైనదే. కెమెరా ముందు కూర్చోగలిగేది బతికినవాళ్లే కదా! ఈ చికిత్సను పిల్లలు, యువత మీద పరీక్షించిన ఎలియానా అనే క్లినికల్ ట్రయల్‌నే తీసుకోండి. అందులో 92 మంది చేరితే కణాలు ఎక్కించింది 75 మందికే. మిగతావాళ్లలో కొందరికి కణాలు తయారు కాలేదు, కొందరు ఆలోపే చనిపోయారు. ఎక్కించుకున్నవాళ్లలో 81 శాతం మందికి మూడు నెలల్లో రెమిషన్ (పరీక్షల్లో క్యాన్సర్ జాడ కనబడని స్థితి) వచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా, ప్రాణం పోకుండా ఏడాది దాటింది మాత్రం సుమారు సగం మందే. ‘81 శాతం’ ఒక్కటే తెర మీద వేస్తే అబద్ధం చెప్పినట్టే. ‘నయమైపోయింది’ అనే మాట వాయిస్ ఓవర్‌లో వద్దు, రెమిషన్ అనండి.

అబ్బాయి ఈ చికిత్సను ట్రయల్‌లో తీసుకున్నాడా, లేదా అనేది ముందు తేల్చుకోండి. మన దేశంలో తయారైన కార్-టి చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఆ తర్వాత మామూలుగా తీసుకుని ఉంటే దాన్ని ప్రయోగం అనకూడదు. ట్రయల్ అయితే సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడిగి, వివరాలు సరిచూసుకోండి.

చాలామంది కణాలు ఎక్కించే రోజు కోసమే కాచుక్కూర్చుంటారు. తీరా చూస్తే అది చిన్న సంచి, నిమిషాల్లో అయిపోతుంది. అసలు కథ ఆ తర్వాతి రెండు వారాలది: జ్వరం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ఐసీయూ. అక్కడికి కెమెరాను సాధారణంగా రానివ్వరు. వాళ్లమ్మ జ్వరం రాసుకున్న నోటు పుస్తకం, వరండాలో బెంచీ, రాత్రి వచ్చిన ఫోన్ మెసేజ్‌లు ఉంటే చాలు. వార్డులో పంపుల బీప్, ఏసీ హోరు మాటల్ని మింగేస్తాయి. కాలర్ మైక్ పెట్టండి. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది శబ్దం విడిగా రికార్డు చేసుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు తెలియవు.

తల్లిదండ్రుల సంతకంతోపాటు అబ్బాయి ఒప్పుకోలు కూడా కావాలి. రఫ్ కట్ (తొలి విడత ఎడిటింగ్) చూపించాక మళ్లీ అడగండి, పద్దెనిమిది నిండాక ఇంకోసారి. ఆస్పత్రి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పక్క మంచాల వాళ్లు, కేస్ షీట్లు, చేతిపట్టీ మీది ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఫ్రేములో పడకూడదు.

విడుదలకు ముందే జబ్బు తిరగబెడితే సినిమా ఆపాలా, ఉన్నదున్నట్టు చూపాలా? ఆ మాట షూటింగ్ మొదలుకాకముందే కుటుంబంతో మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి.