పళ్లికరణైని కొంత వదులుకోక తప్పదా?

చెన్నైలో ఐటీ పార్కులు, పరిశ్రమలు పెరగాలంటే పళ్లికరణై చిత్తడి నేలలో కొంత వదులుకోక తప్పదు కదా అని ఒకరు నన్ను అడిగారు. నేను నెల్లూరు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఈ చిత్తడి నేల పక్కనే ఉన్న వేళచ్చేరిలో ఉంటున్నాను. నా జీతం కూడా పాత మహాబలిపురం రోడ్డు మీది ఆఫీసు నుంచే వస్తోంది కాబట్టి ఉద్యోగాల మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. అయినా ఈ లెక్కను ఎకరాల్లో వేయడం సరికాదు.

ఒకప్పుడు సుమారు 50 చదరపు కిలోమీటర్లు పరచుకున్న ఈ నేలలో 2007లో 317 హెక్టార్లను రిజర్వు అటవీ ప్రాంతంగా ప్రకటించారు. 2022లో దాదాపు 1,247 హెక్టార్లకు రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) లభించింది. కానీ పక్షులు చూసుకునేది నీటి లోతును. ఫ్లెమింగో తల కిందికి వంచి ముక్కుతో నీటిని వడగట్టుకుని తింటుంది కాబట్టి, కాళ్లు ఆననంత లోతున్న చోట దానికి మేత దొరకడం కష్టం. దక్షిణ చెన్నైలోని ఎన్నో చెరువుల మిగులు నీరు ఇక్కడికి చేరి, ఒక్కియం మడువు అనే నీటి పాయ గుండా బకింగ్‌హామ్ కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. ఆ దారిలో పల్లావరం-తొరైపాక్కం రోడ్డు, పెరుంగుడి చెత్తదిబ్బ, మెరక చేసి కట్టిన భవనాలు వచ్చాయి. వానలు వెలిశాక ఆ రోడ్డు తూముల దగ్గర ఆగి చూస్తే, గుర్రపు డెక్క అల్లుకుపోయిన చోట నీరు కదలక నల్లగా కనిపిస్తుంది. కాస్త అవతల, నీరు పలచబడిన చోట గూడబాతులు వరుసగా నిలబడి ఉంటాయి. హద్దురాయి లోపల ఒక్క ఇటుక పడకపోయినా, బయట పోసిన మట్టి లోపలి లోతును మార్చేస్తుంది.

ఆ నీటికి దారి లేకనే 2015లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను సమయంలోనూ వేళచ్చేరి ఇళ్లలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఆఫీసులూ మూతపడ్డాయి. ఆ నష్టాన్ని అభివృద్ధి లెక్కలో ఎవరూ కలపరు (ఫ్లాట్ల ప్రకటనల్లో మాత్రం 'లేక్ వ్యూ' అని రాస్తారు).

ఆఫీసును మెట్ట నేల మీద కట్టినా అవే ఉద్యోగాలు వస్తాయి. పల్లాన్ని మాత్రం మరో చోటికి మార్చలేం. అందుకే కొత్త ప్రాజెక్టు గురించి ఎవరు అడిగినా, సర్వే నంబరు రామ్‌సర్ హద్దులో ఉందో లేదో చూడటంతో ఆగవద్దంటాను. ఆ స్థలంలో పడే వాన నీరు ఇప్పుడు ఎటు పోతోంది, మెరక చేశాక ఎటు పోతుంది అన్నది బిల్డరు మ్యాపు మీద గీసి చూపించాలి. చూపించలేకపోతే అనుమతి ఇవ్వకూడదు, మనం ఫ్లాటూ కొనకూడదు.