ఫోమ్ షీట్లు గది లోపల వద్దు, శ్లాబు పైన వేయించండి

విశాఖ అక్కయ్యపాలెంలో మీది 1988 నాటి డాబా ఇల్లు, పై గదుల్లో రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టడం లేదు అన్నారు. అమెరికాలో గడ్డకట్టే చలి ఉండే మినియాపొలిస్‌లో మీ అన్నయ్య తన పాత ఇంటి గోడలకి బయట ఫోమ్ బిగించాడని, మనకి లోపల థర్మాకోల్ సీలింగ్ సరిపోతుందా లేక బయటే వేయాలా అని అడిగారు. నేను రెండూ చేయించాను కాబట్టి చెప్తున్నాను, లోపల వద్దండి.

మాది సీతమ్మధార, ఇల్లు మీదానికన్నా రెండేళ్లు పాతది. 2016లో అమ్మ పడుకునే పై గదికి థర్మాకోల్ పెట్టి సీలింగ్ వేయించాం. మొదటి వేసవి కాస్త హాయిగానే గడిచింది. కానీ శ్లాబు మాత్రం ఎప్పటిలాగే ఎండలో కాలుతూనే ఉంది కదా, పగలు సాగి రాత్రి ముడుచుకుంటూ పాత పగుళ్లు పెద్దవయ్యాయి, వానాకాలంలో వాటిలోంచి దిగిన నీళ్లు సీలింగ్ వెనకే ఉండిపోయాయి, మాకేమో కింద నుంచి ఏమీ కనపడలేదు. మూడో ఏడు ఓ మూల మరక వస్తే విప్పించాం. పెచ్చులూడి శ్లాబులోని ఇనుప చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి, గోరుతో గీకితే తుప్పు పొరలుగా రాలింది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లో చువ్వకి తేమ అందితే ఇక ఆగదు. ఆ కిందే అమ్మ మూడేళ్లు పడుకుంది, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది.

మీ అన్నయ్య చేసింది అక్కడికి సరైన పనే. అక్కడివి చెక్క చట్రం గోడలు, లోపల వెచ్చగా ఉన్న గాలిలోని తేమ గోడలోకి వెళ్లి చల్లటి బయటి చెక్కకి తగిలి నీళ్లవుతుంది, చెక్క కుళ్లుతుంది. బయట ఫోమ్ బిగిస్తే ఆ చెక్క వెచ్చగా ఉంటుంది. అందుకే వాళ్లకి మందం ముఖ్యం, నాలుగంగుళాల చట్రం గోడకి మినియాపొలిస్ లాంటి చోట సుమారు ఒకటిన్నర అంగుళం ఎక్స్‌పీఎస్ (థర్మాకోల్ జాతిదే, కానీ గట్టిగా, నీళ్లు పెద్దగా పీల్చకుండా ఉండే ఫోమ్ షీటు) కావాలి, అంతకన్నా పల్చగా వేస్తే చెక్క చల్లగానే ఉండిపోయి తేమ అక్కడే చేరుతుంది. మనకి ఈ తేమ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ తేమ బయట ఉంటుంది, ఏసీ వేసిన గదిలోకి రావాలని చూస్తుంది, కాబట్టి ఏసీ గది గోడలకి లోపల ప్లాస్టిక్ షీటు, వినైల్ వాల్‌పేపర్ లాంటివి అంటించకండి, వెనక బూజు పడుతుంది. కానీ ఒక్క విషయం రెండు ఊళ్లకీ ఒకటే, ఇంటి అసలు కట్టడాన్ని ఎండాచలీ నుంచి కాపాడాలంటే ఫోమ్ దాని బయట ఉండాలి.

మనకి గోడలకన్నా పైకప్పే ముఖ్యం. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు విశాఖకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఎండంతా శ్లాబు మీదే. ఆ తర్వాత రోహిణి కార్తె సంగతి మీకు చెప్పక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు వేడిని ఆపడంలో దాదాపు రెండున్నర మీటర్ల మందం కాంక్రీటుతో సమానం. థర్మాకోల్ కూడా వేడిని ఆపుతుంది గానీ దాని పూసల మధ్యకి నీళ్లు చేరతాయి, టెర్రస్ మీదకి ఎక్స్‌పీఎస్సే నయం.

2020లో శ్లాబు పైన ఫోమ్ వేయించాం, అందుకు ముందుగా టెర్రస్ మీది పాత పైపొర మొత్తం తీయించేశాం. ఇది తప్పనిసరి, ఎందుకంటే రెండంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకి సుమారు 11 కిలోలు, వెయ్యి చదరపు అడుగుల టెర్రస్‌కి 11 టన్నులు, పాత పొర మీదే కొత్తది పోయిస్తే ఆ భారమంతా ముసలి శ్లాబే మోయాలి. ఫోమ్ బరువు మాత్రం లెక్కలోకి రాదు. తర్వాత పగుళ్లు పూడ్చి, తూము వైపు వాటం సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ వేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం. ఎక్కడా కారలేదని తేలాకే షీట్లు పరిచాం, వాటి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన ఇనుప వల (మెష్) పెట్టి కాంక్రీటు, చివర ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్ పెయింట్. కాంక్రీటు గళ్లుగళ్లుగా పోయించి మధ్యలో సందులు వదలమనండి, లేదంటే అదీ పగులుతుంది. ఫోమ్ అంటించడానికి పెట్రోలు, థిన్నరు కలిసిన జిగురు ఏదీ వాడనివ్వకండి, షీటు కరిగిపోతుంది. అలాగే షీట్లని ఎండకి వదిలేయకూడదు, పాడైపోతాయి, మంటకీ ప్రమాదం.

పైన బరువు ఎందుకు, షీట్లు ఊరికే అంటిస్తే చాలదా అని మా తమ్ముడూ అడిగాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా మెట్ల గది రేకులు వీధి చివర దొరికాయి. అంత గాలొచ్చే ఊళ్లో తేలికపాటి షీటు ఊరికే నిలవదు.

ఫలితం ఉన్నదున్నట్టు చెప్తాను. ఉక్కపోత పోలేదు, అది గాలిలోని తేమ, ఏ ఫోమూ దాన్ని తీయలేదు. మారింది రాత్రి. ఇదివరకు సాయంత్రం ఏడింటికి సీలింగ్‌కి చెయ్యెత్తితే పెనం దగ్గర పెట్టినట్టు సెగ తగిలేది, ఇప్పుడది లేదు, కిటికీ తెరిస్తే సముద్రపు గాలికి గది చల్లబడుతుంది, ఏసీ అర్ధరాత్రికే ఆపేస్తున్నాం. అమ్మ మళ్లీ పై గదికి వచ్చింది.

ఇప్పుడు డబ్బు సర్దుబాటు కాకపోతే పగుళ్లు పూడ్చి తెల్ల కూల్ పెయింట్ ఒక్కటే వేయించండి, దానికీ చాలా తేడా ఉంటుంది, మన ఊరి నల్ల దుమ్ముకి మాసిపోతుంది కాబట్టి రెండు మూడేళ్లకోసారి మళ్లీ కొట్టించాలి. పడమటి గోడకి ఫోమ్ దాకా వెళ్లక్కర్లేదు, సన్‌షేడో తీగో నీడ ఇస్తే చాలు.

ఏది చేసినా ముందు గది లోపల నుంచి శ్లాబంతా చిన్న సుత్తితో తట్టించి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట పెచ్చు తీయించి, తుప్పు గీకించి, చువ్వలు బాగు చేయించాకే పైన పని మొదలుపెట్టండి. సంక్రాంతి దాటాక మొదలైతే మార్చికల్లా అయిపోతుంది, ఎండలు ముదిరాక పోస్తే కాంక్రీటు త్వరగా ఆరిపోయి బీటలు వేస్తుంది.